డోంగీ ఒడ్డు చేరేదాకా

మా పుట్టింట్లో ఆకలి సైరన్‌ని బట్టి వేసేది. నాన్న చాతం దీవిలో దుంగలు కోసే సామిల్లులో పనిచేసేవాడు. మా ఇల్లు చాతం వంతెనకి ఇవతల, మిల్లు మోత వినబడేంత దగ్గర. సైరన్ మోగితే మధ్యాహ్నం, మళ్ళీ మోగితే సాయంత్రం. అమ్మ దాని మాట ఎంత వినేదంటే, పప్పు ఉడికినా ఉడకకపోయినా కంచంలోకి వచ్చేసేది. వేళకి తినడం తప్ప తిండి గురించి మాకు వేరే భక్తీ భయమూ లేవు.

పెళ్ళయి ఫీనిక్స్ బే దాటాక ఒడ్డున ఉన్న జాలరి ఇళ్ళలోకి వచ్చాను. అక్కడ సైరన్ లేదు, డోంగీ ఉంది. ఈ దీవుల్లో చిన్న పడవని అందరూ డోంగీ అనే అంటారు. మా ఆయనా, మరిదీ తెల్లారకముందే దాంట్లో వేటకి పోయేవాళ్ళు. వాళ్ళు తిరిగొచ్చి దాన్ని ఇసుక మీదకి లాగేదాకా ఆ ఇంటి ఆడవాళ్ళు మెతుకు ముట్టకూడదు. నీళ్ళు తాగొచ్చు. టీ తాగొచ్చు. టీ తాగినప్పుడు బిస్కెట్టు ఎందుకు తినకూడదో నాకెవరూ చెప్పలేదు. టీ దీవులకి వచ్చాక అలవాటైంది కాబట్టి, పాత ఊళ్ళో దాని మీద నియమం పెట్టాలని ఎవరికీ తోచి ఉండదు.

వాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. స్వతంత్రం వచ్చాక దీవుల్లో జాలర్లకి చోటిస్తున్నారని విని మామగారు పెళ్ళాం పిల్లలతో ఓడెక్కారు. వలలు తెచ్చారు, తెడ్లు తెచ్చారు, ఈ నియమాన్నీ తెచ్చారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన లేరు. జ్వరం వచ్చి మంచం మీదే పోయారు. అత్త దాన్ని కూడా తన గొప్పగానే చెప్పుకునేది. "మా ముసిలోడిని సముద్రం ముట్టలేదు. మంచం మీద పోనాడు. నాను ఏనాడూ ముందు తిన్లేదు కాబట్టే."

నేను పుట్టుకతోనే బక్కదాన్ని. మిల్లు వాళ్ళు నన్ను చెక్కపేడు అని పిలిచేవారు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు అత్త నా మణికట్టు పట్టుకుని చూసి, "ఈ గుంట వల్లో పడితే జారిపోద్ది" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు అది నవ్వే విషయమే.

రెండో ఏడు నెల తప్పింది, నిలవలేదు. మళ్ళీ నిలిచింది. ఐదో నెలలో హాస్పిటల్‌కి వెళ్తే డాక్టరమ్మ నన్ను బరువు తూచి, పొట్ట నొక్కి చూసింది. తర్వాత చెప్పింది, లోపల బిడ్డ పెరగడం లేదని. నేను బరువు పెరిగితేనే బిడ్డ పెరుగుతుందట, లేకపోతే ఇదీ దక్కదట. మందేమైనా ఉందా అని అడిగాను. తిండే మందు అంది. తిండి మందైతే మా ఇంట్లో ఆ మందుకి వేళ సముద్రం చెబుతుందని ఆవిడకి ఎలా చెప్పను?

అత్త పెట్టడంలో పిసినారి కాదు. ఆ మాట అంటే కళ్ళు పోతాయి. డాక్టరమ్మ చెప్పింది విన్న రోజు నుంచి నా కంచంలో అన్నం రెట్టింపయింది. పక్కన చేపల పులుసు, సొరపుట్టు, పైన ఒక కోడిగుడ్డు. ఎదురుగా కూర్చుని, నా ముద్దలన్నీ తనే మింగుతున్నట్టు గొంతు కదిలిస్తూ చూసేది. కానీ ఆ కంచం నా ముందుకొచ్చేసరికి మధ్యాహ్నం తిరిగిపోయేది, ఒక్కోరోజు పొద్దు వాలిపోయేది. అప్పటికి పొద్దున్నుంచీ ఖాళీగా ఉన్న కడుపులో పైత్యం తిరుగుతూ ఉండేది. వేడి అన్నం ఆవిరి ముక్కుకి తగిలితేనే నోట్లో నీళ్ళూరేవి, ఆకలితో ఊరే నీళ్ళు కావు. అయినా బిడ్డ కోసమని కళ్ళు మూసుకుని మింగేదాన్ని. సగం కంచం దాకా బాగానే ఉండేది. ఆ తర్వాత ఒక్క ముద్ద ఎక్కువయ్యేది. ఆ ఒక్కటీ వెనక్కి వస్తూ మిగిలినవన్నీ వెంట తెచ్చేది. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో కక్కేదాన్ని. ఆ ఏడు ఆ చెట్టు విరగకాసింది. నా ఒంట్లో సత్తువంతా చెట్టు లాగేసుకుందని అత్త చెట్టుని తిట్టింది.

హాస్పిటల్‌లో ఒక మలయాళీ నర్సు ఉండేది. అందరం దీదీ అనేవాళ్ళం. తింటే వాంతి అవుతోందని ఆవిడకి చెప్పుకుని ఏడ్చాను. ఎప్పుడు తింటావని అడిగింది. చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, మా ఇంటివాళ్ళనీ తిట్టలేదు. "పేట్ ఖాళీ మత్ రఖ్నా. థోడా థోడా, బార్ బార్" అంది. కడుపు ఖాళీగా ఉంచకు, కొంచెం కొంచెంగా మాటిమాటికీ తిను. అంతే. పక్క మీంచి లేవకముందే ఒక ఎండు రస్కు నమలమంది. తింటూ నీళ్ళు తాగొద్దంది, నీళ్ళు విడిగా తర్వాత తాగాలి. వేడివి వాసన కొడతాయి కాబట్టి చల్లారాక తినమంది. ముందు అరటిపండో, గుప్పెడు మరమరాలో, ఆ తర్వాత కొబ్బరి కోరిన చల్లన్నం నాలుగు ముద్దలు, మళ్ళీ కాసేపటికి ఉడికిన గుడ్డు. తిన్న వెంటనే నడుం వాల్చొద్దంది. ఇంకో ముద్ద పడుతుంది అనిపించినప్పుడే ఆపేయమంది. ఇంకా తినాలని ఉండగానే ఆపమని ఇంట్లో ఎవరూ చెప్పరు, నాకది వింతగా అనిపించింది.

మా ఆయనకి చెప్పాను. దీవిలో పెరిగిన మనిషి, సగం హిందీ. డోంగీ ఇంజినుకి గ్రీజు పూస్తూ తల ఎత్తకుండా అన్నాడు: "ఫికర్ మత్ కర్. తినీ. నానేటి నీ ఉపాసం మీద తేలతన్నానా, ఇంజిను మీద పోతన్నాను."

ఆ మర్నాడే రస్కులు తెచ్చిచ్చాడు. కొన్నాళ్ళు వాటిని చీరల మధ్య దాచుకుని తిన్నాను. రస్కు నమిలితే చప్పుడు చేయకుండా ఉండదు కదా. ఒక రోజు అత్త గుమ్మంలో నిలబడి చూసేసింది. గొడవ చేస్తుందనుకున్నాను. చేయలేదు. చాలాసేపు ఆలోచించి, "కడుపుతో ఉన్నదానివి. తింటే తిను. గుమ్మం లోపల తినకు" అంది. గుమ్మం బయట తింటే అది ఇంటి తిండి కాదని ఆవిడే ఒక దారి కనిపెట్టింది. ఆ పెద్దరికానికి నాకు అప్పుడూ గౌరవమే, ఇప్పుడూ గౌరవమే.

అలా పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని తినేదాన్ని. ఎండ వచ్చినా అక్కడే, చినుకు పడితే తల మీద గోనె కప్పుకుని అక్కడే. వాంతులు తగ్గాయి. తర్వాతి సారి హాస్పిటల్‌కి వెళ్తే దీదీ తూనిక మీద ముల్లు చూపించి నవ్వింది. నా చెంపల మీద వేలితో నొక్కి చూసింది. ఆ వారంలోనే బిడ్డ కదిలాడు. బండ మీద కూర్చుని గుడ్డు తింటున్నాను, లోపల తట్టాడు. నేను గట్టిగా నవ్వితే అత్త పరుగెత్తుకొచ్చింది. చేయి పట్టుకుని పొట్ట మీద పెట్టాను. ఆవిడ ముఖం అంత మెత్తబడటం నేను మళ్ళీ చూడలేదు. నా జీవితంలో నేను నిండుగా తిన్నవి ఆ నాలుగు వారాలే.

ఆ తర్వాత ఒక రోజు డోంగీ రాలేదు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తడిసి ముద్దై ఒడ్డుకొచ్చారు. మావాళ్ళు రాలేదు. దూరంగా ఇంజిను ఆగి కొట్టుకుపోతున్నట్టు కనిపించారని ఎవరో అన్నారు. ఆడవాళ్ళందరం ఇసుకలో కూర్చున్నాం. చీకటి పడేవేళకి పక్కింటి ముసలమ్మ ఎవరినీ చూడకుండా అంది: "ఆ ఇంట్లో ముందే తినేత్తన్నారు. గుమ్మం బయటయితే గంగమ్మకి అవుపడదేటి?"

అత్త వింది. ఇంటికి వచ్చాక దీపం కూడా పెట్టకుండా నా ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, నీకు దణ్ణం ఎడతాను. ఆళ్ళిద్దరూ వొచ్చీదాకా ఏటీ ముట్టకు. నీకు ఇంకో బిడ్డ పుడతాడు. నాకింక కొడుకులు పుట్టరమ్మా."

నాకు ఒళ్ళు మండింది. సముద్రానికి నా కడుపుతో ఏం పని అని అడగాలనిపించింది. దీదీ చెప్పిందంతా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ డోంగీలో ఉన్నది ఆవిడ కొడుకులు మాత్రమే కాదు, నా మొగుడు కూడా. నేను ఆ రాత్రి తిని, ఆయన రాకపోతే, ఆ తర్వాత బతికున్నంతకాలం ఏ ముద్దని ఎలా మింగుతాను? సరే అత్తా అన్నాను. ఆ చిన్న మాటతో బిడ్డని పందెం కాశానని అప్పుడే తెలుసు.

మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. అత్త టీ కూడా మానేసింది. నన్ను మాత్రం నీళ్ళు తాగమని బతిమాలేది. నీళ్ళు తాగితే నీళ్ళే కక్కేదాన్ని, తర్వాత పసుపుగా చేదు. ఆకలి మొదట కడుపులో ఉండేది, ఆ తర్వాత తలలోకి పోయింది, ఆ తర్వాత దాని జాడ లేదు. అమ్మావాళ్ళు అప్పటికి ఊరి చివర ఆస్టినాబాద్‌కి మారిపోయారు. వాళ్ళకి కబురు చేయనివ్వలేదు నేను. అమ్మ వస్తే నా నోట్లో బలవంతంగా కుక్కుతుంది, దానికి భయం. వెతకడానికి పడవలు వెళ్ళాయి, వచ్చాయి. నేను గోడకి ఆనుకుని పొట్ట మీద చేయి పెట్టుకుని కూర్చునేదాన్ని. లోపలివాడు అప్పుడప్పుడు కదిలేవాడు. తర్వాత ఎప్పుడో ఒకసారి కదిలేవాడు. వాడు నన్ను అడుగుతున్నాడనీ, అడగడం మానేస్తున్నాడనీ నాకు అర్థమవుతూనే ఉంది. లేచి వెళ్ళి ఒక రస్కు తీసుకోవడానికి పది అడుగులు లేవు. లేవలేదు.

చివరికి దీవుల మధ్య తిరిగే ఒక బోటు మావాళ్ళని చూసి ఎక్కించుకుని, డోంగీని వెనక కట్టుకుని తెచ్చింది. ఫీనిక్స్ బే జెట్టీ మీద సామాన్లు మోసే కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "మాఈ, దోనోం ఆ గయే" అని అరిచాడు. ఇద్దరూ వచ్చేశారు. అత్త అప్పటికే వాకిట్లో ఉంది. వెనక్కి తిరిగి నా వైపు చూసి, "సూసినావా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆనందంతో అంది. చెప్పకపోతే అబద్ధమవుతుంది, ఆ క్షణాన నాకూ ఆనందమే. నా కడుపు గుర్తు రాలేదు.

ఆవిడ పొయ్యి వెలిగించి అన్నం వండి, కొడుకులకంటే ముందు నాకు పెట్టింది. ఉప్పుకి పగిలిన పెదవులతో మా ఆయన పక్కన కూర్చుని తిను తిను అన్నాడు. తిన్నాను. రెండు ముద్దలకే వచ్చేసింది. వాంతితో పాటు నడుంలో నొప్పి మొదలైంది.

హాస్పిటల్‌లో నెలలు నిండకుండానే కాన్పయింది. మగపిల్లవాడు. దీదీ గుడ్డలో చుట్టి నా పక్కన పెట్టింది. ఊపిరి తీసుకున్నాడు కానీ ఏడవలేదు. పక్కటెముకలు మా నాన్నవి, వేళ్ళు మా ఆయనవి. కాసేపటికి దీదీ వచ్చి చూసి, గుడ్డ ముఖం మీదకి లాగింది.

తినకపోవడం వల్లేనా అని డాక్టరమ్మని అడిగాను. అలా చెప్పలేం అంది. తిన్నా పోయేవాడేమో అంది. ఆ మాట నా ఓదార్పుకే అన్నదని తెలుసు, అయినా చాలా ఏళ్ళు దాన్ని పట్టుకుని వేలాడాను. వెళ్ళే ముందు, ఒంటికి బరువు రానీ, అప్పుడు ఇంకో బిడ్డ సంగతి చూద్దాం అంది. ఎంత బరువు రావాలో కూడా చెప్పింది.

మా ఆయన ఇంట్లో ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి. ఆ రోజు అత్తతో, "ఇంక ఈ ఇంట్లో ఆ ఎర్రి లెక్క నేదు. ఇది ఎప్పుడు కావాలంటే అప్పుడు తింతాది, ఇంట్లోనే తింతాది" అన్నాడు. అత్త తల ఊపింది. నా వైపు చూడలేకపోయింది. ఆయన ఒక పెద్ద డబ్బా నిండా రస్కులు, మరమరాలు, బెల్లం తెచ్చి పొయ్యి గట్టు మీద అందరికీ కనబడేలా పెట్టాడు. ఇంజిను బాగు చేయించుకుని మళ్ళీ వేటకి పోయాడు.

ఆ పొద్దున నేను డబ్బా మూత తీశాను. ఆకలి ఉంది. ఎలా తినాలో తెలుసు, ఎంత తినాలో తెలుసు. వద్దనేవాళ్ళు లేరు. ఒక రస్కు విరిచి చేతిలో పట్టుకుని, డోంగీ వెళ్ళిన వైపు చూస్తూ కూర్చున్నాను. ముక్కలు డబ్బాలో వేసి మూత పెట్టేశాను. నాకు నమ్మకం కుదిరిందనుకోకండి. సముద్రానికి కళ్ళు లేవనీ, ఆయన్ని తెచ్చింది ఆ బోటు నడిపిన సరంగనీ నాకు తెలుసు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఒకసారి తినకుండా ఉంటే ఆయన వచ్చాడు. తిని చూడడానికి నాకు ఇంకో మొగుడు లేడు, పందెం కాయడానికి ఇంకో బిడ్డ కూడా లేడు.

మధ్యాహ్నం దాటాక డోంగీ వచ్చింది. చేపల బుట్ట దించుతూ ఆయన, "తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను" అన్నాను.

అత్త నా వైపు చూసింది. పొద్దున్నుంచీ ఆ డబ్బా పక్కనే కూర్చుని ఉన్న మనిషి, ఆవిడకి తెలుసు. కొడుకుకి చెప్పలేదు. లోపలికి వెళ్ళి తనకొకటి, నాకొకటి కంచాలు పెట్టి అన్నం వడ్డించింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిన్నాం. నేను లేచి పెరట్లోకి వెళ్ళి కక్కుకుని వచ్చాను. ఆ తర్వాత ఆయన వేట మానేసేదాకా మా ఇంట్లో అలాగే జరిగింది. డాక్టరమ్మ చెప్పిన బరువు నాకు ఎప్పుడూ రాలేదు.