మోచేతి మీద పులి

ఇస్త్రీ కొట్టు పెద్దమ్మకున్న అసలు జబ్బు అబద్ధాలాడటం. చేతుల నిండా ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు, అదీ ఉందనుకోండి. దాని పేరు సోరియాసిస్, మందు రాస్తే కాస్త అణుగుతుంది. అబద్ధాలకు మందేది?

"చేతులకేమైందమ్మా?" అని ఎవరైనా అడగడమే ఆలస్యం, ఇస్త్రీపెట్టె నిలబెట్టేసేది.

"పులి గీరింది."

"పులెక్కడిదీ?"

"సర్కసుది. చొక్కా ఇస్త్రీకి తెచ్చింది. బేరం కుదరలేదు."

మర్నాడు ఇంకొకరు అడిగితే పిడుగు పడిందనేది. నిన్న పులిని విన్నవాళ్లు ఇవాళ పిడుగును విందామని నలగని బట్టలు కూడా నలిపి తెచ్చేవాళ్లు. పెద్దనాన్న మాత్రం మడతలు పెడుతూ నోరెత్తేవాడు కాదు. ఆయన వంతు మాటలు కూడా ఆవిడే వాడేసింది మరి.

ఆ మచ్చలు వంశంలోనివి. ఇంకేమీ ఇవ్వడానికి చెయ్యి రాని పెద్దమ్మ తండ్రి వాటిని మాత్రం ధారాళంగా పంచిపోయాడు. ఆవిడ చెల్లెల్ని వదిలేసి ఆ చెల్లెలి కూతురికి వచ్చాయి. ఆ పిల్ల బ్యూటీ పార్లర్లో పని నేర్చుకుంటోంది. చిక్కుపడ్డ జుట్టు కనబడితే తిండి కూడా మరిచిపోతుంది. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కాలే. ఒకరోజు ఎవరికో తలంటుతూ, తడిసిన చొక్కా చేతులు మరిచిపోయి పైకి మడిచింది. పార్లర్ ఆవిడ చూసింది.

"అది తగ్గాక రా."

తగ్గిపోయేదా అది! పిల్ల బట్టల మూటల వెనక కూర్చుని ఏడ్చింది. "ఇక ఆ పనికి పోను పెద్దమ్మా."

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె ఆపింది. మొగుణ్ణీ, పిల్లనీ వెంటేసుకుని పార్లర్‌కు వెళ్లి, కుర్చీలో కూలబడి చేతులు బారజాపింది. కొత్త కథ వస్తుందని అక్కడున్న ఆడవాళ్లంతా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

"ఇది సోరియాసిస్. మా నాన్న నుంచి నాకొచ్చింది, మా వంశం నుంచే దీనికీ వచ్చింది. అంటుకోదు."

ఒక్కరు నమ్మితే ఒట్టు.

"మరి పులి?" అంది పార్లర్ ఆవిడ.

"పులీ లేదు, పిల్లీ లేదు."

"పోనీ పిడుగు?"

"నీ మొహం! డాక్టర్ని అడుగు."

"కథ ఈసారి అంత బాగా లేదు పెద్దమ్మా," అంది వెనక నుంచి ఒకావిడ.

పెద్దమ్మ చాపిన చేతులు ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ పెద్దనాన్న రెండు చేతులూ చూపించాడు. ఒక్క మచ్చ లేదు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఒకే దుప్పటి, ఒకే తువ్వాలు. ఇన్నేళ్లలో ఈవిడ నోరే నాకు అంటలేదు. ఇది అంటుతుందా?"

పార్లరంతా ఘొల్లుమంది. పార్లర్ ఆవిడా నవ్వింది. "రేపు డాక్టర్ని నేనే అడుగుతా. సరేనంటే ఎల్లుండి నుంచి రా. పొట్టి చేతులు వేసుకో, తడవకుండా ఉంటాయి."

దారిలో పిల్ల అడిగింది. "ముందునుంచీ నిజమే చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"నిజం చెబితే రెండడుగులు వెనక్కి వేస్తారే. అబద్ధమైతే కుర్చీ ముందుకు లాక్కుంటారు."

పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. "మీ పెద్దమ్మా పొడుగు చేతులే వేసుకునేదమ్మా. నీ మోచేతి మీద మొదటి మచ్చ కనబడిన మర్నాడు అన్నీ కత్తిరించేసింది. పులి కూడా ఆరోజే వచ్చింది."

"అయ్యో, అంటింది! ఈయనకు నోరు అంటింది!" అని గొణుక్కుంటూ పెద్దమ్మ ముందుకు నడిచింది.

మూడోనాడు పొద్దున్నే మొదటి కుర్చీలో కూర్చున్నావిడ అద్దంలోంచి చూసింది. "ఏమ్మాయ్, ఆ మోచేతికేమిటి?"

పిల్ల దువ్వెన ఆపింది. "సోరియాసిస్ అండీ, అంటుకోదు. అది డాక్టరు చెప్పేది. మా పెద్దమ్మ చెప్పేది ఇంకొకటుంది, కాస్త పొడుగు."

ఆవిడ ఒళ్లో ఉన్న సంచి తీసి కింద పెట్టింది. "తొందరేం లేదు. పొడుగుదే చెప్పు."