మువ్వలు మోగుతూనే ఉన్నాయి

తిరుపతిలో మా ఇంటి వెనక ఈతకొలను కట్టించుకున్నప్పటి నుంచి మా అత్తగారికి ఒకటే దడ. ఐదేళ్ల మనవడు నిద్ర లేవగానే వాడి కాళ్లకు మువ్వల పట్టీలు తొడిగేది. మగపిల్లాడికి పట్టీలేమిటని నేను నవ్వేదాన్ని.

"చప్పుడుంటే బిడ్డ ఆడుకుంటా ఉండాడని. లేకుంటే నేను పరిగెత్తల్ల," అనేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరం వరండాలో చెనిక్కాయలు ఒలుస్తున్నాం. పెరట్లో మువ్వలు మోగుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆమె చాట పక్కకు తోసి పరుగెత్తింది. చీరతోనే కొలనులోకి దూకి, మునిగిపోతున్న నా కొడుకును పైకెత్తింది. పట్టీలు మా పెంపుడు కుక్క మెడలో ఉన్నాయి. వాడే విప్పి కట్టాడట.

మరి ఆమెకెలా తెలిసింది? నాకిప్పటికీ అంతుపట్టదు. ఎప్పుడడిగినా "ఏమో మే, నాకే తెల్దు," అంటుంది. పట్టీలు మాత్రం ఆ రోజే బీరువాలో పడేసింది. ఇప్పుడు వాడు నీళ్లలో ఉన్నంతసేపూ గట్టు మీదే ఉంటుంది.

నిన్న వాడు ఈదుతుంటే, ఆమె పక్కన కూర్చుని మళ్లీ అదే అడిగాను. ఆమె తల తిప్పలేదు.

"నా మొగం సూస్తావేంది మే? నీళ్లు సూడు," అంది.