ఇంట్లో గొడుగు విప్పిన ఆఫీసరమ్మ

మా నేలల్లో శెనక్కాయ పోయి నల్లద్దాలు మొలిచిన కొత్తలో, నాకు భయం అంటే ఏందో సరిగ్గా తెలియదు. పాముకు భయపడేదాన్ని, మా అత్తకు భయపడినట్టు నటించేదాన్ని, అంతే. (మా అత్తకు చదువు రాదు కాబట్టి ఈ మాట ధైర్యంగా రాస్తున్నాను.) ఆ రోజుల్లో మా వల్లూరు (కర్ణాటకలో ఉన్నా మేము మాట్లాడేది తెలుగే) చుట్టుపక్కల చేలన్నీ సోలారుకు కౌలుకు పోయినాయి. నిన్నటిదాకా కలుపు తీసిన ఆడవాళ్లే తెల్లారకముందే తలకు గుడ్డ చుట్టుకుని, పొడుగు కర్రల బ్రష్షులు భుజాన వేసుకుని అద్దాలు కడిగేందుకు పోయేవాళ్లు. శెనక్కాయ పెరికే కాలంలో అయితే గట్టు మీద ఏ వేపచెట్టుకో చీర ఉయ్యాల కట్టి బిడ్డను పండబెట్టి పని చేసుకునేవాళ్లు. సోలారు కంచె లోపల చెట్టూ లేదు, బిడ్డలను రానిచ్చేదీ లేదు. అందుకని "ఒక్క గంట చూసుకో చెల్లీ" అని పోతా పోతా మా ఇంట్లో దింపి పోయేవాళ్లు. ఒక్క గంట మధ్యాహ్నం దాకా సాగేది. ఒక బిడ్డ వెనక ఇంకో బిడ్డ వచ్చి, ఆరునెలలు తిరిగేసరికి మా ఇంట్లో దూలానికి ఉయ్యాల కట్టే చోటు మిగలలేదు. కొత్త కోడలినైన నాకు ఇంకా కడుపు పండలేదు గానీ ఊరి పిల్లలంతా నన్ను "అమ్మా" అని పిలిచేవాళ్లు. మా ఆయన రోజూ ఆ గుంపును దాటుకుని గడప తొక్కేటప్పుడు ఎవరి ఇంటికొచ్చినానా అని ఒక నిమిషం నిలబడిపోయేవాడు.

అంతా బాగానే ఉండేది, ఆ కాగితం మాట రాకపోయి ఉంటే. పరాయి బిడ్డలను ఇంట్లో పెట్టుకుంటే లైసెన్సు కావాలంట. అది లేకుంటే ఇంటికి తాళం వేస్తారంట. అద్దాలు కడిగించే కాంట్రాక్టరు కూడా బిడ్డలను యాడ వదిలి వస్తున్నారో చూపించని వాళ్లను పనిలోకి రావద్దన్నాడు. ఆ మాట విని బ్రష్షక్క (అందరికంటే పొడుగు బ్రష్షు పట్టేది ఆమే) చంకలో మూడు నెలల పసిబిడ్డతో వచ్చి మా గడపలో కూలబడింది. "నీకు లైసెన్సు రాకపోతే నా బతుకేంది చెల్లీ? దీన్ని మెడకు కట్టుకుని అద్దాలెక్కేదా?" అనింది. ఆమె మొగుడు ఎప్పుడో బెంగళూరు దారి పట్టి తిరిగి చూడలేదు. ఆమె కళ్లలోకి చూసినాక భయం అంటే ఏందో నాకు తెలిసింది.

లైసెన్సు ఇవ్వాలా వద్దా అని ఇల్లు చూడడానికి వచ్చే ఆఫీసరమ్మ గురించి మాకు తెలిసిందంతా మా టాంకరు మరిది చెప్పిందే. అద్దాలు కడిగే నీళ్ల టాంకరు తోలేవాడు కాబట్టి, నీళ్లతో పాటు వార్తలు కూడా ఊరూరా పోసేవాడు.

"వదినా, మేడమ్మ సోమవారం వస్తాదంట. యాడనో నీళ్లబిందె మీద మూత లేదని ఇంటికే తాళం ఏయించినాదంట. బల్లి కనబడినా ఇడిసిపెట్టదంట. కన్నడంలో తిడతాదంట!"

"కన్నడంలో తిడితే నాకేమి తెలీదా?"

"తెలుస్తాది గదా వదినా, అదే నా భయం."

మా అత్త మాత్రం రాయి మీద చింతకాయ కొట్టుకుంటా, "భయపడాకే. ఆ వచ్చేదానికి కూడా ఇంట్లో ఒక అత్త ఉంటాదిలే," అనింది. అనిందే గానీ ఆమెకూ లోపల గుబులు ఉండింది. పాము, ఎలుక, తేలు దూరే సందు ఇంట్లో ఉండకూడదని ఎవరో చెప్పగా విని, ఆదివారమంతా పాతగుడ్డలూ బంకమట్టీ పట్టుకుని తిరిగింది. గోడలో బొక్కలు, పొయ్యి వెనక బొక్కలు, గడప కింద బొక్కలు, ఒక్కటి వదలలేదు. పొద్దు గుంకే ముందు నిచ్చెన వేసుకుని మిద్దె మీదికి కూడా ఎక్కి దిగి, "చీమకు కూడా దారి ల్యాకుండా చేసినా పో," అని చేతులు కడుక్కుంది. పైన ఆమె ఏం మూసిందో నేను అడగలేదు. ఉప్మా రవ్వలో పురుగులు ఏరుకుంటూ శనిమహాత్మునికి మొక్కుకోవడంలో మునిగి ఉన్నాను. (మొదట ఒక నువ్వుల నూనె దీపం అన్నాను. భయం పెరిగేకొద్దీ దీపాలు పెంచుకుంటూ పోయినాను. పొద్దు గుంకేసరికి పావగడ గుడి వెలిగిపోయేన్ని దీపాలు బాకీ పడినాను.)

ఇక్కడ మా మిద్దె సంగతి చెప్పాలి. దూలాల మీద బండలు పరిచి, వాటి మీద ఎర్రమట్టి పోసిన పాతకాలం మిద్దె అది. మా ఆయనకు ఒక ఏడు బుద్ధి పుట్టి ఆ మట్టి మీద పలచగా సిమెంటు పూయించినాడు. పైకి చూస్తే డాబా, లోపల మట్టి. (మా ఆయన కూడా అంతే, కానీ అది వేరే సంగతి.)

సోమవారం కోడి కూసే జాముకు బయట టాంకరు మోటారు చప్పుడు. చూస్తే బ్రష్షక్క, ఆమె వెనక అద్దాలు కడిగే ఆడవాళ్లందరూ. "ఇల్లు మాకు ఇడిసిపెట్టి నువ్వు పిల్లల్ని చూసుకో చెల్లీ. ఒక్క మరక ఉంటే మమ్మల్ని అడుగు," అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి. లోపల జావ కాస్తూ, ఒకరికి ముక్కు తుడుస్తూ, ఇంకొకరికి చొక్కా తొడుగుతూ ఉన్నాను. బయట గోడలు కడుగుతున్నారనే అనుకున్నాను. కానీ వాళ్ల పనిలో వాళ్లకు నేర్పింది ఒకటే పాఠం: ఏది కడిగినా మీది నుంచి కిందికి కడగల్ల. చీకట్లో నిచ్చెన ఎక్కినారు, పైపు లాగినారు, అద్దం తోమినట్టు మా మిద్దె తోమినారు. మిద్దె మీద నీళ్లు బయటికి పోయే తూమును మా అత్త గుడ్డ కుక్కి, మట్టి మెత్తి బిగించిందని వాళ్లకేం తెలుసు? నీళ్లు కింద పడకపోవడం చీకట్లో ఎవరూ చూడలేదు. దిగి వచ్చి, "అద్దం మాదిరి పెట్టినాం, మొగం చూసుకోవచ్చు!" అని గర్వంగా నవ్వి పనికి పోయినారు. బ్రష్షక్క ఒక్కతే ఉయ్యాలలో బిడ్డను ఇంకోసారి చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

ఎండ ముదిరేవేళకు జీపు వచ్చింది. దిగింది ఒక బక్కపలచటి మనిషి, చేతిలో మనిషంత నల్ల గొడుగు. మా ఎండ గురించి జిల్లా కేంద్రం తుమకూరులో ఎవరో సరిగ్గానే చెప్పి పంపినట్టున్నారు. పిల్లల్ని గోడవార వరసగా కూర్చోబెట్టినాను. ఆమె బిందె మూత ఎత్తి చూసింది. "హూఁ." మందుల డబ్బా తెరిచింది. "హూఁ." తలుపు గడియ బిడ్డకు అందుతుందా అని వంగి కొలిచింది. "హూఁ." ఆ ఒక్కో హూఁకూ నేను శనిమహాత్మునికి ఇంకో దీపం మొక్కుకున్నాను. చివరికి గోడకు ఆనుకుని, "స్వచ్ఛంగా ఉందమ్మా, పరవాలేదు," అని కన్నడ యాస తెలుగులో అనింది. పెన్ను తీసి రాయబోయింది. అప్పుడు ఆమె కాగితం మీద ఒక చుక్క పడింది. ఎర్రగా.

ఆమె పైకి చూసింది. నేనూ చూసినాను.

"ఏనిదు... ఏందిది?" అనింది.

"బల్లి," అనింది మా అత్త కంగారులో. నేను చూసిన చూపుకు వెంటనే దిద్దుకుని, "బల్లి గాదు మేడమ్మా, బల్లి మా ఇంట్లో ల్యా. ఏదో... పైనుంచి పడింది," అనింది.

రెండో చుక్క పడింది. తర్వాత చుక్కలు కాదు, ధారలు. ఎర్రనీళ్లు దూలం వెంబడి పాకి, కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద గీతలు గీస్తూ దిగినాయి. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ముసురు! వాన అంటే బొమ్మల పుస్తకంలో ఉండేదనుకునే మా పిల్లలు ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, ఒక్కసారిగా "వానా! వానా!" అని లేచి ఎగరడం మొదలుపెట్టినారు. గుండుగాడు అని మేము పిలిచే బుడ్డోడు జావ గ్లాసు పట్టుకుని ధార కింద నిలబడినాడు. మేడం గొడుగు విప్పింది. ఇంట్లో గొడుగు విప్పిన ఆఫీసరును నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నవ్వాల్సింది ఇప్పుడు. అప్పుడు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ నిమిషంలోనే పైన బండ ఒకటి కిర్రుమనింది. పిడికెడు మట్టిపెళ్ల బ్రష్షక్క బిడ్డ ఉయ్యాల పక్కన దబ్బున పడింది. మేడం ఒక్క గంతులో ఉయ్యాల దగ్గరికి పోయి గొడుగును బిడ్డ మీద పట్టింది. రెండో పెళ్ల ఆమె నెత్తిన పడింది. "బయటికి! పిల్లల్ని బయటికి!" అని ఆమె అరిచిన అరుపుకు నాకు ప్రాణం వచ్చింది. చంకకొకరు, చేతికొకరు, కొంగు పట్టుకున్నవాళ్లు కొందరు, అందరినీ నేనూ మా అత్తా పెరట్లో పశువుల కొట్టంలోకి ఈడ్చినాం. తల తలనూ తాకి చూసుకున్నాను. గుండుగాడు కనపడలేదు. మళ్లీ తాకినాను. లేడు. ఇంటి తలుపు వైపు పరుగెత్తబోతుంటే లోపలి నుంచి మేడం వచ్చింది. పసిబిడ్డ ఆమె కొంగులో, గుండుగాడు ఆమె చెయ్యి పట్టుకుని, గ్లాసు నిండా ఎర్రనీళ్లు ఒలకకుండా జాగ్రత్తగా మోసుకుంటూ.

మేడం ఎద్దులకు మేత వేసే గాటి పక్క రాయి మీద కూర్చుంది. జుట్టంతా మట్టి. లైసెన్సు పోయింది, ఇల్లు పోయింది, బ్రష్షక్క పని పోయింది అని నా తలలో గిర్రున తిరుగుతూ ఉంది. మా అత్త మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి, అడగకుండానే మేడం తల కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"నీకు అత్త ఉండాదా తల్లీ?"

"ఉన్నారమ్మా."

"ఇట్లే పోతే తిడతాది. ఉండు, తల కడుగుతా."

మేడం మొహం ఒకరకంగా కదిలింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేటట్టు నవ్వింది. నవ్వు ఆగినాక చుట్టూ చూసింది. ఎద్దులను అమ్మేసినాక ఖాళీగా పడి ఉన్న కొట్టం. పైన రేకులు, కింద నున్నటి బండలు, మూడు వైపులా గాలి. పిల్లలు అప్పుడే గుంజల చుట్టూ తిరుగుతూ ఆటలో పడినారు.

"ఇది మీదేనా? నాకు ఎందుకు చూపించలేదు?"

"పశువుల కొట్టం మేడం. ఆఫీసరుకు చూపించేది బాగుంటుందా?" అన్నాను.

"ఆ ఇంట్లో ఈరోజు నుంచి ఒక్క బిడ్డ కూడా అడుగు పెట్టకూడదు." నేను పక్కనున్న గుంజ పట్టుకున్నాను. "ఇక్కడ ఉండొచ్చు. చుట్టూ జాలీ కట్టించు, గేటు పెట్టించు. మళ్లీ వచ్చి చూస్తా. అప్పటిదాకా నేను ఏ మాటా ఇవ్వను."

మధ్యాహ్నం పని నుంచి వచ్చిన బ్రష్షక్క మొదట అడిగింది, "మేము కడిగింది మేడమ్మకు నచ్చినాదా?" అని. జరిగింది చెప్పినాను. మిద్దె వైపు చూసి, బిడ్డ వైపు చూసి, ఆమె బిడ్డను ఒడిలో వేసుకుని కూర్చుంది. తర్వాత లేచి, "జాలీకి గుంతలు యాడ తవ్వల్ల?" అనింది. ఆ వారమంతా పని నుంచి దిగినవాళ్లు దిగినట్టే వచ్చి గుంతలు తవ్వినారు. మా టాంకరు మరిది యాడి నుంచో గేటు తెచ్చినాడు. (యాడి నుంచని నేను అడగలేదు, మీరూ అడగొద్దు.) మేడం రెండోసారి వచ్చేదాకా నేను అన్నం తిన్నానో, నిద్రపోయినానో నాకు గుర్తు లేదు. వచ్చింది. జాలీని ఊపి చూసింది. గేటు తీసి మూసి చూసింది. "హూఁ" అని సంతకం పెట్టింది. బ్రష్షక్క తన బిడ్డను ఎత్తుకుని ఏడ్చింది.

ఇప్పుడు మా కొట్టంలోకి ఏ ఆఫీసరు వచ్చినా నేనే కుర్చీ జరిపి, కాఫీ తాగుతారా అని అడుగుతాను. పక్క ఊరు రాయచెర్లులో నా మాదిరే కొత్తగా పరాయి బిడ్డలను చూసుకుంటున్న ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి, "భయంగా ఉండాది అక్కా," అంటే, "ఏం భయం, నాకు ఎప్పుడూ లేదు," అని చెప్తాను. చెప్తూనే, కొట్టం మధ్యలో నిలబడి పిల్లల తలలన్నీ తాకి చూసుకుంటున్న ఆ కొత్త కోడలు నా కళ్ల ముందు కనపడుతుంది. పాపం, ఎంత వణికింది! మొన్న గుండుగాడు హైస్కూలు యూనిఫాంలో సైకిలు మీద వచ్చినాడు. వాడు జీవితంలో మొట్టమొదట చూసిన వాన మా ఇంట్లోదేనంట. "మోకాళ్ల లోతు నీళ్లు గదా అమ్మా!" అని వాడు స్నేహితునికి చెప్తుంటే విని, అబద్ధం చెప్పొద్దని వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసినాను.

"మోకాళ్ల లోతేందిరా," అన్నాను, "నడుముల దాకా!"