మందిరానికి బండలు పరిచిన టీ పొడి

పోయిన నెల కడప నుంచి వచ్చిన మా మనవరాలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక నా మంచం పక్కన కూర్చుని, ఉద్యోగం కాక పైసంపాదనకు ఒక కొత్త పని దొరికిందని సంబరంగా చెప్పింది. పెద్ద పెద్ద దుకాణాలకు మామూలుగా కొనడానికి వచ్చినట్టే వెళ్ళి, అక్కడివాళ్ళు ఎలా పలకరించారో, అడిగిన వస్తువే ఇచ్చారో లేదో గమనించి, ఇంటికి వచ్చి ఫోనులో రాసి పంపాలట. తాను ఎవరు పంపితే వచ్చిందో ఆ దుకాణం వాళ్ళకు తెలియకూడదన్నది మాత్రం గట్టి షరతట. ఇట్లాంటి విచిత్రమైన పనులు మీ కాలంలో లేవు కదా జేజీ అని అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎనభై దాటి ఎన్నో ఏళ్ళయిన నా ముక్కుకు ఎక్కడి నుంచో, నాని ఎండలో ఆరిన చింతగింజల పొట్టు వాసన తగిలింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళలో ఊరు ఊరంతా ఎట్లా కిక్కిరిసిపోయిందో. గుడారాల్లో కచేరీలు పెట్టారు, పశువుల కొట్టాలకు సున్నం కొట్టి గుమాస్తాలకు అద్దెకిచ్చారు, నిన్నటిదాకా ఎవరూ అడగని వస్తువుకు కూడా బజారులో ధర పెరిగింది. మేమిద్దరం మిషను బడిలో ఉపాధ్యాయులం. పెళ్ళయి రెండేళ్ళు. జీతాలు చిన్నవే అయినా మాకున్న అవసరాలూ చిన్నవే కాబట్టి దేనికీ లోటు తెలియకుండానే రోజులు గడిచేవి. ఆ ఏడు తుంగభద్ర ఇసుకలో పందిరి వేసి, భక్తిని రగిలించే ఉజ్జీవ కూటాలు జరిపేంతవరకు.

కూటాల చివరి రోజున మా పాస్టరు అయ్యగారు, సగం గోడలతో నిలిచిపోయిన మా ప్రార్థన మందిరం గురించి కన్నీళ్ళతో మాట్లాడారు. ఒకరు లేచి తలుపులు నావన్నారు. ఇంకొకరు కిటికీలన్నారు. మా వారు, పక్కనున్న నన్ను గానీ తన జేబును గానీ అడగకుండా, లేచి నిలబడి, నేలంతా నాపబండలు పరిపించే భాగ్యం మాకు ఇమ్మన్నారు. ఆ సమయంలో నాకూ కళ్ళు తడిసిన మాట నిజమే. ప్రభువు పేరున వెయ్యిమంది ముందు ఇచ్చిన మాట అది, దాన్ని మర్నాడు వెనక్కి తీసుకునే దారి ఎక్కడుంది? అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చేయి వేసేముందు, సంఘపెద్ద ఒకరు మొక్కుబడుల చీటీ చదివేవారు. తలుపులు అందినవి, కిటికీలు అందినవి, నేల బండలు ఇంకా అందవలసి ఉన్నవి. ఆయన ఎవరినీ నొప్పించాలని చదివేవారు కాదు, పాపం, మెత్తటి గొంతు ఆయనది. కానీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మట్టినేల మీద కూర్చున్న నూరుమందీ ఒక్కసారి కాళ్ళు సర్దుకునేవారు, మేమిద్దరం తలలు వంచుకునేవాళ్ళం.

అట్లాంటి రోజుల్లో మా అక్క భర్త, మా బావ, మా ఇంటికి వచ్చాడు. ఆయన మద్రాసులోని ఒక టీ కంపెనీలో పని చేసేవాడు, బండిలో ఊరూరా తిరిగి అంగళ్ళకు ఎర్రకాగితపు పొట్లాలు వేసేవాడు. కంపెనీ సరుకని బోర్డు పెట్టుకున్న అంగళ్ళలో కొందరు పొట్లాలు విప్పి కల్తీ పొడి కలుపుతున్నారని అనుమానమట. తమ మనుషులు వెళితే గుర్తుపడతారు కాబట్టి, ఎవరికీ అనుమానం రాని ఒక ఆడమనిషి కొన్నట్టే కొని, ఏమిచ్చారో చూసి, అచ్చువేసిన కార్డు మీద రాసి పంపాలి. కార్డుకింత అని ఇస్తారు. నేను తటపటాయిస్తుంటే బావ పెద్దగా నవ్వాడు.

"ఏం మరదలా, నీ మొగం చూస్తే ఎవురికైనా అనుమానం వస్తాదా? ప్రార్థన చేసీ చేసీ తెల్లంగా అయిపోయిన మొగం. దేవుడిచ్చినాడు, వాడుకో."

ఆ రాత్రి మేమిద్దరం మోకరించి అడిగాము. జవాబు వచ్చిందని నేననుకున్నాను. జవాబు కావాలని ఆత్రపడే చెవికి ఏది వినిపించినా జవాబులాగే ఉంటుందని అప్పటికింకా నాకు తెలియదు.

అబద్ధమాడకుండా ఆ పని చేయాలని నేను పెట్టుకున్న నియమం ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. మా ఇంట్లో అప్పటిదాకా టీ తాగేవాళ్ళు లేరు. తాగని ఇంటికి టీ పొడి కావాలనడం అబద్ధమవుతుంది కాబట్టి, మేమిద్దరం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మందు మింగినట్టు మింగి, నెల తిరగకముందే ఆ అలవాటు నుంచి తప్పించుకోలేని వాళ్ళమయ్యాము. మొట్టమొదట వెళ్ళింది బజారులో ఒక సాయిబు గారి అంగడికి. ఇంట్లో పదిసార్లు వల్లించుకుని వెళ్ళిన మాటను అక్కడ గడగడా అప్పజెప్పేసరికి ఆ పెద్దాయన తెల్లగడ్డం నిమురుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం టీచరమ్మా, టీ పొడి అడుగుతాండావా, పిల్లోల్లకు పాఠం చెప్తాండావా?"

నేను గబగబా కొంగుముడి విప్పి డబ్బులు ఆయన ముందు పెట్టాను. ఆయన మాత్రం సీలు చెదరని పొట్లం చేతిలో పెట్టి, చిల్లర ఇచ్చి, మరిగేటప్పుడు రెండు యాలకలు వేసుకోమని కూడా చెప్పి పంపాడు. ఇంటికి వచ్చి, సిరా పీల్చే అద్దుడు కాగితాన్ని తడిపి, దాని మీద చిటికెడు పొడి చల్లాను. మంచి పొడి అయితే ఆ కాగితం మీద గబుక్కున రంగు దిగదు, రంగేసిన చింతగింజల పొట్టు కలిస్తే ఎర్రటి చారలు పారతాయి. కాగితం తెల్లగా ఉండిపోయింది. అంత మంచి కార్డు రాసి పంపినందుకు ఆ రోజంతా నాకు కడుపు నిండినట్టనిపించింది. వేసవి సెలవుల్లో కడపలో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడి అంగళ్ళూ చూశాను. దారిలో ఎర్రగుంట్ల స్టేషను పక్కన గుట్టలుగా పేర్చిన నల్లటి నాపబండలు కనిపిస్తే, రైలు కిటికీలో నుంచి వాటిని కళ్ళతోనే మా మందిరంలో పరుచుకుంటూ పోయాను.

సెలవులు అయ్యాక కంపెనీ నుంచి వచ్చిన అంగళ్ళ చీటీలో కల్లూరు అంగడి ఒకటి ఉంది.  అది మా ఆయన మేనత్తది. తల్లి పోయిన మా ఆయనను పెంచిన మనిషి, ఆయనకు అక్షరాలకంటే ముందు ప్రార్థన నేర్పిన మనిషి, భర్త పోయాక ఆ చిన్న అంగడితోనే నెట్టుకొస్తున్న మనిషి. ప్రతి ఆదివారం మందిరంలో అందరికంటే ముందు వచ్చి ముందు వరసలో కూర్చునేది. ఆమెను వదిలేసి తక్కినవాళ్ళవి రాయడం పక్షపాతమనిపించింది. హంద్రీ ఇసుకలో నడిచి వెళ్ళి, బాగున్నావా అత్తా అని పలకరించి, పొడి కట్టించుకుని వచ్చాను. అద్దుడు కాగితం మీద చల్లీ చల్లకముందే ఎర్రగా చారలు పారాయి.

మా సంఘంలో చిన్నప్పటి నుంచి నేర్పే క్రమం ఒకటుంది. తోటి విశ్వాసిలో తప్పు కనిపిస్తే ముందు ఒంటరిగా వెళ్ళి ఆ మనిషితోనే చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. టీ కంపెనీ రహస్యానికి ఈ క్రమం పనికిరాదని బుద్ధున్న వాళ్ళెవరికైనా తోచేదే. నాకు తోచలేదు. కార్డు పక్కనపెట్టి మరుసటి శనివారం ఒంటరిగా వెళ్ళి, నేను ఎవరి పని మీద వచ్చానో, ఏం చూశానో అంతా అత్తతో చెప్పేశాను.

ఆమె కోప్పడలేదు. తక్కెడ పక్కకు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. కొత్త కచేరీలకు రాళ్ళు మోసే కూలీలకు ఎర్రంగా దిగితేనే టీ అని, దిగకపోతే వాళ్ళు నీళ్ళమ్మినావని తిట్టిపోతారని చెప్పింది. తరువాత నా వైపు తేరిపార చూసింది.

"నా పొడిలో పొట్టు కలిసిందంటావు, సరే, కలిసింది. ఎవురి దుడ్లతోనో వచ్చి, బాగుండావా అత్తా అని నవ్వి, పొట్లం కట్టించుకోని పోయినావే, ఆ నవ్వులో నువ్వేం కలిపినావు అమ్మీ?"

  ఇక కలపనని ఆమె మాట ఇచ్చింది, నేను ఆ కార్డు పంపలేదు. అయితే నెల తిరిగాక మళ్ళీ తెచ్చి చూస్తే మళ్ళీ ఎర్రచారలే. ఇటు చూస్తే బావ దగ్గర నుంచి ఉత్తరం మీద ఉత్తరం, కల్లూరు కార్డు ఏదని, అది రాకపోతే తక్కిన కార్డులకూ డబ్బు రాదని, నన్ను నమ్మి మాట ఇచ్చిన తన ఉద్యోగానికే ముప్పని. అటు చూస్తే కోత పండుగకు మందిరం ప్రతిష్ఠ అని అయ్యగారు ప్రకటించేశారు, బండలు తప్ప అన్నీ వచ్చేశాయి. ఏ వైపు కదిలినా ఎవరో ఒకరికి తగిలే ఇరుకు సందులో నిలబడ్డట్టుండేది నాకు. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో మరిచిపోయేదాన్ని.

రెండో మెట్టుగా మా వారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అత్త మాకు పీటలు వేసి, మా కళ్ళ ముందే సీలు విప్పి, కమ్మటి టీ కాచి ఇచ్చింది. మా వారు గ్లాసులోకి చూస్తూ తాగారే తప్ప తల ఎత్తలేదు.  లేచేటప్పుడు ఆమే ఆయన తల మీద చెయ్యి పెట్టింది.

"పో నాయనా. నీ మొక్కు తీర్సుకో. నేనేమీ అనుకోను."

మిగిలింది మూడో మెట్టు, సంఘానికి చెప్పడం. చెప్పి ఉంటే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు. పెద్దలు పిలిచి మందలించేవారు, ఆమె ఏడ్చి ఒప్పుకునేది, అందరం కలిసి ప్రార్థించి ఆమెను మళ్ళీ బల్ల దగ్గరికి తెచ్చుకునేవాళ్ళం. కానీ చెబితే నా రహస్యమూ బయటపడుతుంది, బండల కోసం నేను ఎట్లా సంపాదిస్తున్నానో తెలుస్తుంది. అందుకని సంఘానికి చెప్పవలసిన దాన్ని నేను కంపెనీకి చెప్పాను. చూసింది చూసినట్టు, ఒక్క అక్షరం ఎక్కువతక్కువ లేకుండా రాశాను. నా జీవితంలో రాసిన అంతటి నిజం ఇంకొకటి లేదు, దాని కంటే నన్ను సిగ్గుపరిచిందీ ఇంకొకటి లేదు. కంపెనీకి మందలించడం తెలియదు, ఏడవడం తెలియదు. పది రోజుల్లో మనుషులు వచ్చి ఆమె అంగడి మీది బోర్డు ఊడదీసుకుని పోయారు. బోర్డు పోయిన అంగట్లో కల్తీ ఉందని కూలీలు కూడా రావడం మానేశారు. ఆ చలికాలానికి అత్త రోడ్డు పక్కన గంపలో బొరుగులు పెట్టుకుని కూర్చుంది.

కోత పండుగ నాటికి ఎర్రగుంట్ల నుంచి బండలు వచ్చాయి. నల్లగా, నున్నగా, నీళ్ళు చల్లి తుడిస్తే ముఖం కనిపించేటట్టు ఉన్నాయి. సంఘపెద్ద చీటీ చదివి, నేల బండలు అందినవి అన్నప్పుడు అందరూ స్తోత్రం చెప్పారు. అత్త కూడా వచ్చింది. కానీ ఎప్పటిలా ముందు వరసకు పోలేదు. గడప దాటకుండా, బయట బండలు పరవని మట్టి మీద కొంగు పరుచుకుని కూర్చుంది. ఆ రోజే కాదు, ఆ తరువాత ప్రతి ఆదివారమూ అక్కడే. బల్ల సమయంలో అయ్యగారు గడప దాకా వెళ్ళి ఆమెకు ఇచ్చేవారు. గాలి కోసం కూర్చుంటుందనుకున్నారు జనం. ఆమె ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, నన్ను చూసినప్పుడల్లా బాగుండావా అని నవ్వేది, ఆ నవ్వులో ఏమీ కలిపేది కాదు. ఒకసారి వానలో తడుస్తుంటే నేను ఉండబట్టలేక లేచి వెళ్ళి లోపలికి రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

"వద్దులే అమ్మీ, ఆ బండలు శానా సల్లగా ఉంటాయి. నా మోకాళ్ళకు పడవు."

నేను తిరిగి వచ్చి నా చోట మోకరించాను. సాక్ష్యాలు చెప్పేవేళ ఎన్నిసార్లు లేవబోయానో ప్రభువుకే తెలుసు. నా తప్పు ఒప్పుకుంటే ఆమె తప్పు సంఘమంతటి ముందు బయటపడుతుంది, ఆమెను కాపాడాలంటే నేను మౌనంగా ఉండాలి. ఆమె పోయేదాకా పదకొండేళ్ళు, ప్రతి ఆదివారం, నేను గెలుచుకున్న ఆ చల్లటి నేల మీద ఆ గడపకు వీపు పెట్టుకుని కూర్చున్నాను. కంపెనీ పని కల్లూరు కార్డుతోనే మానేశాను. టీ మాత్రం మానలేకపోయాను.

ఇవన్నీ మనవరాలికి చెప్పలేదు. ఎట్లా మొదలుపెట్టాలో ఏదైనా చెప్పు జేజీ అని అడిగితే, అంగట్లో ఉన్నవాళ్ళ పేరు అడిగి తెలుసుకో అన్నాను. అక్కడ వాళ్ళు రోజూ మారిపోతుంటారని, పేర్లతో పనేముందని అది ఆశ్చర్యపోయింది. నిజమే. ఇప్పుడు కొనేవాళ్ళకు అమ్మేవాళ్ళెవరో తెలియదు, రాసినవాళ్ళకు ఆ రాతతో ఎవరి బోర్డు ఊడిందో తెలియదు, వచ్చే ఆదివారం వాళ్ళిద్దరూ ఒకే చోట మోకరించవలసిన అవసరమూ లేదు. వాళ్ళకు అది సుఖమేనేమో. నేనైతే దాన్ని సుఖమనలేను.

మొన్న మా మందిరం నుంచి కుర్ర అయ్యగారు వచ్చి, పాతబండలన్నీ పెరికేసి టైల్స్ వేయించామని ఫోటోలు చూపించారు. తెల్లగా మెరుస్తున్నాయి. లోపలే కాదు, గడప దాటి, మెట్ల దాకా, గేటు దాకా, పిడికెడు మట్టి కనిపించకుండా పరిచేశారు. బాగుందయ్యా అన్నాను. మా అత్త ఇప్పుడు వస్తే ఎక్కడ కూర్చుంటుందో అని మాత్రం, ఆ ఫోటో చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.