బ్యాటరీ తీసేసిన కారు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాడిని. మూసాపేటలో కార్ల కరెంటు పని చేస్తాను. లైటు దానంతటదే వెలిగిందంటే, ఎక్కడో వైరు తొడుగు ఊడి రేకుకు తగులుతోందని అర్థం. కారణం దొరకని ఫాల్టు నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు, ఈ ఒక్కటి తప్ప.

పోయిన ఎండాకాలం ఒక శనివారం సునీతగారు తన పాత కారు తెచ్చారు. కేపీహెచ్‌బీలో ఉంటారు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"హారన్ దానంతటదే మోగుతోందండి. నిన్న ఆఫీసు పార్కింగ్‌లో మోగితే సెక్యూరిటీవాళ్లు నన్ను మీటింగ్‌లోంచి లేపి తీసుకొచ్చారు," అన్నారు.

"పరేషాన్ గాకుండ్రి మేడం, సాయంత్రానికి చేసిస్త," అన్నాను.

ఫాల్టు తేలిగ్గానే దొరికింది. స్టీరింగ్‌లో హారన్ బటన్ కింద ఉండే రేకు అరిగిపోయి, అప్పుడప్పుడు దానంతటదే తగులుతోంది. కొత్తది తెప్పించాలి. బ్యాటరీ కూడా వీక్‌గా ఉందని విప్పి, షాపు లోపలికి తెచ్చి చార్జింగ్‌కు పెట్టాను. హారన్‌కు కరెంటు అందించే రిలే కూడా పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. కారు రోడ్డు పక్కన ఎండలో ఉంది. లోపలి వేడి పోవాలని వెనక తలుపు తీసి ఉంచాను.

మధ్యాహ్నం నా భార్య పద్మ అన్నం తెచ్చింది. మూడేళ్ల మా పాప మైత్రి కూడా వెంట వచ్చింది. పక్క షాపులో యాదమ్మక్క బట్టలు కుడుతుంది. పాప వస్తే అక్కడే గుడ్డపీలికలతో ఆడుకుంటుంది. ఆ రోజూ అక్కడే ఉందనుకున్నాం. మా దగ్గరుందని యాదమ్మక్క అనుకుంది.

పద్మకు ఆ కారు సంగతి చెప్తూ తింటుండగా బయట హారన్ మోగింది. ఆగకుండా ఒకటే మోత.

"మల్ల మొదలైంది నీ కారు," అంది పద్మ.

నవ్వబోయాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బ్యాటరీ నా ఎదురుగా బల్ల మీద ఉంది.

యాదమ్మక్క అప్పటికే బయటికొచ్చి కేకేస్తోంది. "ఏందిది, గా కారే హారన్ కొట్టుకుంటుంది! జర సూడు తమ్మీ!"

పరుగెత్తాను. వెనక తలుపు మూసి ఉంది. అద్దంలోంచి చూస్తే సీటు మీద మైత్రి. మొహం కందిపోయి, జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుపోయి, కళ్లు మూసుకుని ఉంది. తలుపు లాగాను. అది తెరుచుకోగానే మోత ఆగిపోయింది.

పాపను నీడలోకి తెచ్చి తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచాం. "బిడ్డా, కండ్లు తెరువ్!" అంటూ పద్మ ఒకటే పిలుపు. కాసేపటికి కళ్లు తెరిచి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నాకు ఊపిరాడింది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. "సరైన టైముకు చూశారు. ఇంకాసేపైతే చెప్పలేకపోయేవాళ్లం," అన్నారు డాక్టరమ్మ. సాయంత్రానికి పాప ఐస్‌క్రీమ్ కావాలని పేచీ పెట్టింది. వద్దనడానికి మాకు మనసు రాలేదు.

తర్వాత కారంతా వెతికాను. పాప ఎక్కి తలుపు లాక్కుంది. వెనక తలుపులకు పిల్లల లాక్ వేసి ఉండడంతో లోపలి నుంచి తెరుచుకోలేదు. అంతవరకు సరే. ఒకవేళ ముందుకు వచ్చి హారన్ బటన్ నొక్కినా మోగే వీలు లేదు. వైర్లన్నీ విప్పి చూశాను. ఇంకో బ్యాటరీ లేదు, అలారం లేదు. రోడ్డు మీద వేరే బండేదో మోగిందని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కానీ తలుపు పట్టుకున్నప్పుడు ఆ మోతకు రేకు అదరడం నా అరచేతికి తెలిసింది.

సంగతి చెప్తే సునీతగారు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. "ఈ హారన్ బాగు చేయకపోయినా పర్లేదండి," అన్నారు. అయినా కొత్త రేకు వేసి ఇచ్చాను. మళ్లీ ఊరికే మోగలేదట.

"ఎందుకు గంత ఆలోచిస్తవ్? బిడ్డ దక్కింది, సాలదా?" అంటుంది పద్మ.

చాలు. నిజంగా చాలు. ఆ హారన్ అంతకుముందు ఎందుకు మోగేదో ఎవరడిగినా చెప్పగలను. ఆ మధ్యాహ్నం ఎలా మోగిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.