బిళ్ళగన్నేరు నడక

డెబ్బైల చివర్లో, డిగ్రీలో బాటనీ చదువుతున్నప్పుడు, నాకన్నా తెలివిగలవాడు మా పేట మట్టెవాడలో లేడని నా గట్టి నమ్మకం. ఆ ఏడు కాలేజీలో ఒకే రకం మొక్కలో కనిపించే తేడాలు చూసి, ఎండబెట్టి, అట్టల మీద అతికించి తెమ్మన్నారు. నేను బిళ్ళగన్నేరును ఎంచుకున్నాను. ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది, పెద్దగా తిరగక్కర్లేదు. గులాబీ రంగువి, తెల్లవి, తెల్ల పువ్వు నడుమ ఎర్ర బొట్టున్నవి మూడూ మూడు జాతులని రాసుకుని వెళితే మా లెక్చరర్ నవ్వారు. రంగు చూసి జాతి చెప్పేవాడు పూల దుకాణం పెట్టుకోవాలట. ఆకూ కాయా గింజా ఒకటైతే జాతి ఒకటే, రంగు ఉత్త వేషం అన్నారు. ఎర్ర బొట్టుది మాత్రం వేరుతో సహా తెమ్మన్నారు.

అది మా గల్లీ చివర, ముస్లింల గోరీల్లో కనిపించింది. రాయి కట్టినవి తక్కువ, మట్టి దిబ్బలే ఎక్కువ. అన్నిటి మీదా గులాబీ రంగు పూలే. నట్టనడుమ, మూరెడు దిబ్బ మీద ఒక్కటే తెల్లది, ఎర్ర బొట్టుతో. గాలి లేదు. చుట్టూ ఏ పువ్వూ కదలడం లేదు, అదొక్కటే తల ఊపుతోంది. అయినా పీకేశాను. గేటు దాటాక వేళ్లకున్న మట్టి దులుపుకుంటూ మా గడప దాకా నడిచాను. ఎండిన కాయలు దారంతా రాలుతున్న సంగతి చూసుకోలేదు. మొక్కను పాత పేపర్ల మధ్య పెట్టి నా పరుపు కింద పరిచాను.

ఆ గురువారం సాయంత్రం, పక్కింట్లో బొంతలు కుట్టే చాచి వచ్చి మా అమ్మ దగ్గర ఏడ్చింది. ఆమె కూతురు పది నెలలకే, నడక రాకముందే పోయింది. వాళ్లలో ఆడవాళ్లు గోరీల్లోకి అడుగు పెట్టరు. గురువారం గురువారం వెళ్లి గోడ బయట నుంచి గుర్తు పట్టడానికని తెల్ల బిళ్ళగన్నేరు మొలక ఇచ్చి, భర్త చేత ఆ దిబ్బ మీద నాటించింది. తర్వాత ఆయనా పోయాడు. ఏ దిబ్బ బిడ్డదో చెప్పే మనిషి ఇక లేడు.

"గోడకాడ నిలబడి సూస్తె అన్నీ ఒక్కతీరే ఉన్నయక్కా," అంది.

పక్క గదిలో అదే పరుపు మీద కూర్చుని విన్నాను. లేచి చెప్పే ధైర్యం చాలలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఉక్కపోత అని అమ్మకు చెప్పి, చాలా రోజులు నేల మీదే పడుకున్నాను.

వానలు వెనక్కి తగ్గేసరికి గల్లీలో వింత మొదలైంది. గోరీల గేటు నుంచి మురుగు మోరీ పక్కగా, అడుగుకొకటి చొప్పున, ఎర్ర బొట్టు తెల్ల పూలు పూశాయి. గోరీల లోపల గడ్డి కోయించినందున అక్కడ ఒక్కటీ మిగల్లేదు. ఒక పొద్దున చాచి గేటు దగ్గర బయల్దేరి, ఒక్కో పువ్వు దగ్గర ఆగి, వంగి చూస్తూ, మా ఇంటి వైపే వచ్చింది. ఆఖరి మొక్క మా గడప ముందుంది. అక్కడ కూలబడి నా చెయ్యి పట్టుకుంది.

"నా పోరికి నడకచ్చింది బిడ్డా," అంది. "ఆడికెల్లి లేసి, నడుసుకుంట మీ ఇంటికచ్చింది."

ఆమె మొహంలో ఏడుపు లేదు. అదే నన్ను భయపెట్టింది. నిజం చెబితే ఆ పిల్లను మళ్లీ మట్టిలో పెట్టినట్టే.

అప్పటి నుంచి ప్రతి గురువారం సాయంత్రం చాచి గోడ దగ్గరికి పోకుండా మా గడప ముందే కూర్చునేది. అమ్మ పీట వేసేది. నేను వెనక తలుపు నుంచి ఇంట్లోకి వచ్చేవాణ్ణి. కాలేజీలో అట్టలు ఇవ్వాల్సిన రోజు మూడు రంగులకూ ఒకే జాతి పేరు తప్పు లేకుండా రాశాను. ఎర్ర బొట్టు దాని కింద, దొరికిన చోటు అన్న గడిలో, మా గడప అని రాశాను. లెక్చరర్ సంతకం పెట్టి పక్కన పెట్టారు.