కొసరుగా వచ్చిన మూడో పెట్టె

ఈ ఉదయం పాత సామాన్లవాడు మా మేడమెట్ల కిందికి వంగి, ఇరవై ఏళ్లకు పైగా అక్కడ ఇన్వర్టరు బ్యాటరీనీ, పాత పేపర్లనూ, విరిగిన ఫ్యాను రెక్కలనూ మోస్తున్న మూడు నల్లటి స్పీకరు పెట్టెలను ఒక్కొక్కటే బయటికి లాగాడు. "గిది చెక్క సుత గాదు సార్, ఉత్త పొట్టు. కొనుడే దండగ" అన్నాడు. అవతలివాడి సరుకును తీసిపారెయ్యడమే బేరంలో మొదటి మెట్టని ఉగ్గుపాలతో నేర్చుకున్నవాణ్ణి గనక, వాడి మొహంలో నా పడుచుదనాన్ని చూసుకుని ముచ్చటపడి, నేనూ గొంతు సవరించుకున్నాను. అంతలో వాడు మూడింట్లోకీ చిన్నదాన్ని ఇటు తిప్పాడు. ఇన్నేళ్లూ గోడవైపు ఉన్న దాని వీపున పసుప్పచ్చ తీగ ఒకటి కనిపించింది. ఒక కొస ఇంకా పెట్టెలోనే గుచ్చి ఉంది. తీగ ఒక్కటి తీసుకుని, వాడు చెప్పిన ధరకే మూడూ ఇచ్చేశాను. ఇంత సులువుగా తెగిన బేరంలో ఏదో మోసముందని వాడికి అనుమానం వచ్చి, పెట్టెల్ని రెండుసార్లు తట్టి చూసుకుని మరీ పట్టుకెళ్లాడు.

మాది కొట్లవాళ్ల ఇల్లు. తాతగారు తెనాలి వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో కరెంటు సామాన్ల కొట్టు పెడితే, నాన్న దాన్ని నిలబెట్టాడు, నేను దాంట్లో కూర్చున్నాను. మా ఇంట్లో కొసరు లేకుండా ఏదైనా కొనుక్కొస్తే వాణ్ణి ఓడిపోయి వచ్చిన సిపాయిలా చూసేవారు. కూరలు కొంటే కరివేపాకు, స్విచ్చి కొంటే స్క్రూలు, చెప్పులు కొంటే పాలిష్ డబ్బా. పెళ్లిచూపుల్లో రెండో లడ్డూ అడిగానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అడిగిన మాట నిజమే, ఇచ్చిన మాటా నిజమే.

ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. సాఫ్ట్‌వేరు గాలి వీచి అమీర్‌పేట సందులన్నీ కోచింగ్ సెంటర్లయిపోయి, గోడల మీద ఒక కోర్సు కాగితం తడి ఆరకముందే ఇంకో కోర్సు కాగితం అంటించేవారు. హాస్టళ్లలో గదికి ఆరుగురు చొప్పున దిగిన పిల్లలకు ఎక్స్‌టెన్షన్ బోర్డులూ, నీళ్లు కాచుకునే రాడ్లూ అమ్మీ అమ్మీ మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఊరంతా పైకి పోతున్న ఆ కాలంలో పైకి పోని మనిషి మా ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. ఆయన మా అక్కమొగుడు.

బావ ఎర్రగడ్డలో ఉండే క్రైస్తవుల అబ్బాయి. మా అక్క ఇష్టపడి చేసుకుంది. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్లిళ్లలో బేస్ గిటారు వాయించేవాడు. నాన్నకు మతం పట్టింపు ఏడాదిలో పోయింది గాని గిటారు పట్టింపు పోలేదు. ఆరు తీగల గిటారు అదే ధరకు వస్తుంటే నాలుగు తీగలది కొన్నవాడికి పిల్లనిచ్చామే అని దిగులుపడేవాడు. పాటలో బేస్ అంటే ఇంటికి పునాదిలాంటిదని, ఉన్నప్పుడు ఎవరూ చూడరని, తీసేస్తే అందరికీ తెలుస్తుందని బావ ఓపిగ్గా చెప్పేవాడు. పునాదికి అద్దె ఎవడిస్తాడని నాన్న అడిగేవాడు.

ఇచ్చేవాడు దొరికాడు. పంజాగుట్టలో ఒక హోటలువాళ్లు, సాఫ్ట్‌వేరు కంపెనీల వాళ్లు సాయంత్రాలు భోజనాలకు గుంపులుగా వస్తున్నారని, వారానికి మూడు రోజులు పాటల బృందాన్ని పెట్టుకోదలచారు. ముందు ఒక సాయంత్రం వాయించి చూపించాలి. నచ్చితే ఏడాదిపాటు పని. నాన్న ఆ వారమే తేల్చి చెప్పేశాడు, ఇది కుదిరితే సరే, కుదరకపోతే సోమవారం నుంచి అల్లుడు కొట్లో బిల్లులు రాయాలని. బావ ఒప్పుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, అప్పటికి ఇంకో దారి లేదు.

ఆయన దగ్గర ఒక యాంప్లిఫయరూ, ఒక స్పీకరు పెట్టే ఉండేవి. ఆ హాలుకు ఇంకో పెట్టె కావాలి. కొనడానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. వెళ్లే దారిలో ఆటోలో ఆయన చెప్పిన పాఠం నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. స్పీకరు కరెంటుకు పెట్టే అడ్డును ఓముల్లో కొలుస్తారు. ఆయన పెట్టె ఎనిమిది ఓములు. యాంప్లిఫయరు వీపున మాత్రం నాలుగుకు తగ్గకూడదని రాసి ఉంది. ఎనిమిదిది ఇంకొకటి పక్కన కలిపితే రెండూ కలిసి నాలుగవుతాయి, అక్కడికి సరి. మూడోది కలిపితే మూడుకన్నా కిందికి పోతుంది.

"కలిపితే పెరగాలి గాని తగ్గడమేంటి బావా? ఈ లెక్కతో కొట్టు పెడితే వారంలో తాళమే."

"అయితే నీ కొట్టు లెక్కే చెప్తా బామ్మర్దీ. కౌంటర్లో నువ్వొక్కడివే. ఇద్దరొస్తే ఇస్తావు. ముగ్గురూ ఒక్కసారే ఇంకా ఇంకా అంటే?"

"ముగ్గురికీ ఇస్తా. వదులుతానా?"

"అదే. యాంప్లిఫయరూ నీలాంటిదే, కాదనలేదు. నడుం విరిగిన సంగతి పడిపోయాకే తెలుస్తుంది."

నవ్వుకున్నాం. పంజాగుట్టలో పాత సౌండు సామాన్లు అమ్మే దుకాణంలో సరిగ్గా కావలసిన ఎనిమిది ఓముల పెట్టె దొరికింది. బావ వెంటనే జేబులో చెయ్యి పెట్టబోతే నేను కాలు తొక్కి ఆపి, గంటన్నర బేరమాడాను. రెండుసార్లు మెట్లు దిగాం, రెండుసార్లూ పిలిచాడు. చివరికి దుకాణదారు చేతులెత్తేసి, "ఇగ పైస తగ్గదు భాయ్. జర నా పిల్లల మొఖం సుత చూడు. గా చిన్న డబ్బ పడున్నది, అది కొసరు కింద తీస్కపో, నన్నిడువు" అన్నాడు. అది కూడా ఎనిమిది ఓములదే. కాశీ నుంచి గంగ తెచ్చినవాడిలా దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. "మనకు రెండు చాలు కదా" అన్నాడు బావ. కొసరును ఇంట్లో ఉంచుకుంటే దరిద్రమన్నాను. సరే, స్టేజి మీద మంచినీళ్ల సీసా పెట్టుకోవడానికి పనికొస్తుంది గాని తీగ మాత్రం తగిలించొద్దన్నాడు.

ఆ సాయంత్రం హాలు నిండింది. మెళ్లో కంపెనీ పట్టీలు తీయకుండానే వచ్చిన కుర్రాళ్లూ అమ్మాయిలూ పళ్లేల మోత చేస్తున్నారు. రెండు పాటలయ్యాక హోటలు మేనేజరు స్టేజి పక్కన నిలబడ్డ నా దగ్గరికొచ్చి, "అంత మంచిగనే ఉన్నది అన్నా, గని ఆ దమ్ దమ్ జర తక్కువైంది. వెనక టేబుళ్లకు వస్తలేదు" అన్నాడు. అది ఫిర్యాదు కూడా కాదు, మాటవరసకు అన్నది. కానీ నేను కొట్లో పెరిగినవాణ్ణి. గిరాకీ ఇంకొంచెం అంటే చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోతుంది. జేబులో మా కొట్టు చుట్టలోంచి కోసి, రెండు కొసలకూ పిన్నులు బిగించిన పసుప్పచ్చ తీగ ముక్క ఉంది. ఎందుకు తెచ్చానని అడగకండి. నీళ్ల సీసా దించి, బావ అటు తిరిగి కళ్లు మూసుకుని వాయిస్తున్నప్పుడు మూడో పెట్టెను రెండో పెట్టెకు తగిలించేశాను.

ఏం మోగిందండీ! బల్లల మీద గ్లాసులు వణికాయి. మేనేజరు దూరం నుంచి బొటనవేలు చూపించాడు. బావ కళ్లు తెరిచి, తన చేతికి ఈ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు ఆశ్చర్యంగా నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఈ ఓముల గొడవంతా చదువుకున్నవాళ్ల చాదస్తమని తేల్చేసుకున్నాను. ఓ పావుగంట అలా నడిచింది. అయిదో పాట మధ్యలో కాలిన లక్క వాసన వచ్చింది. బేస్ ఒక్కసారి గరగరలాడి ఆగిపోయింది. పునాది తీసేసిన పాట ఎలా ఉంటుందో, బావ చెప్పినట్టే, ఆ హాల్లో అందరికీ తెలిసింది.

ఆయన వంగేలోపు నేను రెండో పెట్టెలోంచి తీగ పీకేసి వెనక్కి తోసేశాను. ఓల్టేజీ పెరిగినట్టుంది బావా, ఈ ఏరియాలో మామూలేగా, అన్నాను. స్టెబిలైజర్లు అమ్మేవాడి మాట ఎవరైనా నమ్ముతారు. ఆయన వేడెక్కిన యాంప్లిఫయరు మీద చెయ్యి పెట్టి, "అయ్యుంటుందిలే" అన్నాడు. మేనేజరు మంచివాడే. "పాట మధ్యల ఆగితే నా నౌకరి పోతదన్నా, ఏమనుకోకు" అని చెప్పి, మర్నాడు ఇంకో బృందాన్ని పిలుచుకున్నాడు. యాంప్లిఫయరును ముగ్గురు మెకానిక్కులకు చూపించాం. ఒకడు బాగుచేశాడు గాని మళ్లీ కాలింది. సోమవారం బావ కొట్లో కూర్చున్నాడు. గిటారును చర్చికి ఇచ్చేశాడు.

చెబుదామనుకున్నాను. ముందు నాన్న పోయాక చెబుదామని, తర్వాత పిల్లల చదువులయ్యాక చెబుదామని, ఆ పైన ఇంకెందుకులే అని. నా ఓల్టేజీ మాట ఆయన నమ్మాడన్న ధైర్యం మీద ఇన్నేళ్లూ ఆయన పక్కన కూర్చుని టీలు తాగాను.

ఈ ఉదయం దొరికిన తీగ నేను పీకి పారేసినట్టు చిందరవందరగా లేదు. అరచేతికీ మోచేతికీ మధ్య వేసి చుట్టిన చుట్ట, నడుమ తెల్లదారంతో రెండు ముళ్లు. కొట్లో ప్రతి తీగనూ బావ అలాగే కడతాడు. ఆ సాయంత్రం పెట్టెలు ఇంటికి మోసుకొచ్చినవాడు ఆయనే. చూశాడు, చుట్టాడు, కట్టాడు, గోడవైపు తిప్పి పెట్టాడు.

తీగ జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్లాను. హాస్టలు అమ్మాయి ఎవరో ఎక్స్‌టెన్షన్ బోర్డు కొంటోంది. "రాడ్డూ ఇస్త్రీపెట్టే రెండూ పెట్టుకోవచ్చా అంకుల్?" అంటే, "ఏదో ఒకటే చాలమ్మా. ఇంకోటి పెట్టకు" అన్నాడు బావ, ఎప్పుడూ అన్నట్టే, నా వైపు చూడకుండా.

"ఆ స్పీకరు పెట్టెలు ఇచ్చేశాను బావా" అన్నాను.

"ఎంతకి?"

చెప్పాను.

"బేరమాడలేదా?"

"లేదు."

బిల్లు పుస్తకం మీంచి తలెత్తి, కళ్లజోడు పైనుంచి నన్ను చాలాసేపు చూశాడు. "ఒంట్లో బాగుందా బామ్మర్దీ?" అన్నాడు. బాగానే ఉందన్నాను. తీగ జేబులోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా సందులో అన్నిటికీ ధర చీటీలే. ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి, బేరమాడటానికి అవతల మనిషే ఉండడు, కొసరన్న మాట ఆ హాస్టలు పిల్లలకు తెలీదు. పంజాగుట్ట హోటలు పోయి ఆసుపత్రి వచ్చింది. రోడ్డు మీద మెట్రో వెళ్లినప్పుడల్లా మా కొట్టు అద్దాలు ఆనాటి గ్లాసుల్లాగే సన్నగా వణుకుతాయి. అలా వణికిన ప్రతిసారీ బావ రాయడం ఆపి, అది పూర్తిగా దాటిపోయేదాకా వింటాడు. మళ్లీ రాసుకుంటాడు.